ప్యాకెట్ పోయినా ట్యాంకు పొంగకూడదు: ఈఎస్పీ32తో మోటారు కంట్రోల్

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో మా డాబా మీద నుంచి మాట్లాడుతున్నాను. ఇదిగో ట్యాంకు, మూత కింద నీటి మట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్, పక్కన ఈఎస్పీ32 అనే చిన్న వైఫై బోర్డు. కింద బోరు దగ్గర ఇంకో ఈఎస్పీ32, మోటారును ఆన్, ఆఫ్ చేసే రిలే, కాంటాక్టర్. వైరింగ్ స్క్రీన్ మీద ఉంది, పాజ్ చేసి చూసుకోండి. లైబ్రరీలు, వైఫై పాస్‌వర్డ్ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

మధ్యలో రెండు స్లాబులు. వైఫైలో పంపే చిన్న డేటా ముక్కలు, అంటే ప్యాకెట్లు, దారిలో పోతాయి, పోనివ్వండి. 'మోటారు ఆపు' అని ఒక్కసారి పంపి ఊరుకున్నారనుకోండి, ఆ ఒక్కటీ పోయిందా, నీళ్లు పక్కింటి గోడ మీదే. అందుకే 2 సెకన్లకోసారి నీటి మట్టమే పంపుతాం. ఒకటి పోతే ఇంకోటి వస్తుంది. 40 శాతానికి దిగితే ఆన్, 90 దాటితే ఆఫ్, ఆ నిర్ణయం కింది బోర్డుదే. పంపి వదిలేసే పద్ధతి, యూడీపీ చాలు. పోయినదాన్ని మళ్లీ పంపే టీసీపీ అయితే పోయిన పాత రీడింగ్ మళ్లీ వచ్చేదాకా కొత్తదాన్ని ఆపుతుంది. పాత మట్టం మనకెందుకు?

10 సెకన్లు ఏదీ రాకపోతే మోటారు ఆఫ్. ఈ చెక్ ఎప్పుడూ తిరుగుతుండే మెయిన్ లూప్‌లోనే ఉండాలి, ప్యాకెట్ అందుకునే ఫంక్షన్‌లో కాదు. ప్యాకెట్టే రాకపోతే ఆ ఫంక్షన్ నడవదు కదా.

ఇప్పుడు అసలు చిక్కు, ఇక్కడ కాస్త ఆగుదాం. ఆలస్యంగా వచ్చిన పాత ప్యాకెట్‌ను పారేయడానికి ప్రతి ప్యాకెట్‌కీ ఒక్కోటి పెరిగే సీక్వెన్స్ నంబర్ పెట్టాం. బానే ఉంది. గాలివాన వచ్చి కరెంటు పోయింది. కింది బోర్డు ఇన్వర్టర్ మీద ఉంది, పైది లేదు. కరెంటు రాగానే పైది మళ్లీ 1 నుంచి మొదలెడుతుంది. కిందిదానికి చివరగా గుర్తున్నది 48210. వచ్చినవన్నీ పాతవే అనుకుని పారేస్తూ కూర్చుంటుంది. నెట్‌వర్క్ బాగుంది, మోటారు మాత్రం తిరగదు! అందుకే ఈ లైన్: బోర్డు ఆన్ అయినప్పుడల్లా ఒక ర్యాండమ్ బూట్ ఐడీ. ప్రతి ప్యాకెట్‌లో అదీ వెళ్తుంది. ఐడీ మారితే లెక్క కొత్తగా మొదలు.

బోర్డు పంపే మెసేజ్‌లు చూపించే సీరియల్ మానిటర్‌కి ఆర్డునో ఐడీఈలో కంట్రోల్ షిఫ్ట్ ఎమ్ కొట్టండి, మెనూల్లో వెతక్కండి.

ట్యాంకు మెల్లగా నిండుతుంది కాబట్టి మనకిది సరిపోయింది. కంట్రోల్ అందకపోతే ఒక్కో శాంపిల్‌కి తప్పు, అంటే కావాల్సిన విలువకీ ఉన్నదానికీ తేడా, 1.2 రెట్లయ్యే సిస్టమ్ అయితే వేరే కథ. అక్కడ ఏ ప్యాకెట్‌కి ఆ ప్యాకెట్ విడిగా పోతుంటే, పోయే అవకాశం 1 బై 1.44, అంటే దాదాపు 69 శాతం దాటాక ఏ కంట్రోలరూ ఆ తేడా స్క్వేర్ సగటును అదుపులో పెట్టలేదు.

సరే, పై బోర్డు ప్లగ్ పీకుతున్నా. ఎనిమిది, తొమ్మిది... రిలే టక్‌మంది, విన్నారా? మళ్లీ పెడుతున్నా. చూడండి, కొత్త ఐడీ, సీక్వెన్స్ 1, తీసుకుంది. కోడ్ డిస్క్రిప్షన్‌లో ఉంది.