చివరి మెట్టు చూస్తే చాలు, ఇల్లు గీసినోడు ఏం చదివాడో చెప్పేస్తా!

నమస్కారం అన్నా, నమస్కారం అక్కా. ఇవాళ మ్యూజిక్ లేదు, లైక్ కొట్టండి, బెల్ నొక్కండి అనే సోది కూడా లేదు. ఒళ్ళు మండిపోయి కూర్చున్నా కెమెరా ముందర.

ఆ రీలు మీరు చూసే ఉంటారు. వారం రోజులుగా నాకు పంపని వాడు లేడు. ఒకడు ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి 'తూర్పు ఫేసింగ్, ముప్పై బై నలభై, రెండు బెడ్‌రూములు' అని కొడతాడు. పది సెకన్లలో ప్లాన్ వస్తుంది, రంగురంగుల ఎలివేషన్, అంటే ఇంటి ముందు వైపు బొమ్మ, వస్తుంది. ఆఖర్న నవ్వుకుంటా, 'ఇంకా కాలేజీకి పోయి డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివేవాళ్ళని చూస్తే జాలేస్తుంది' అంటాడు. దానికి మన జిల్లా నుంచే ఇంకో పెద్దమనిషి వత్తాసు. 'నలభై ఐదు రోజుల ఆటోక్యాడ్ చాలు, మూడేళ్ళు తగలెయ్యడం దేనికి' అంట. ఆటోక్యాడ్ అంటే కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేరు.

సరే అబ్బయ్యా. ఆ పది సెకన్ల ప్లాన్‌లో మెట్లెన్ని? నేను రీలు ఆపి, పెద్దది చేసి లెక్కపెట్టా. పద్నాలుగు! స్లాబుకి స్లాబుకి పదడుగులు అనుకుందాం, అంటే 120 అంగుళాలు. పద్నాలుగుతో భాగిస్తే ఒక్కో మెట్టు ఎనిమిదిన్నర అంగుళాల పైనే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దామె ఎక్కాలి దాన్ని. అవి మెట్లా, కొబ్బరిచెట్టా?

అందుకే చెప్తున్నా, వినండి. డ్రాఫ్ట్స్‌మన్ అంటే ఇంటి డ్రాయింగులు గీసేవాడు. సెక్షన్ గీయలేనివాడు డ్రాఫ్ట్స్‌మన్ కాదు. ప్లాన్ ఎవడైనా గీస్తాడు. మా పక్కింటి పిల్లోడు ఎనిమిదో తరగతి, గళ్ళ నోటుబుక్కులో గీస్తాడు. ఇంటిని కేకు కోసినట్టు నిలువునా కోసి, లోపల స్లాబు ఎక్కడుంది, బీము ఎక్కడ దిగింది, కిటికీ మీద లింటెల్ ఎంత ఎత్తులో ఉంది, పునాది ఎంత లోతు పోయింది అని చూపించేదాన్ని సెక్షన్ అంటారు. కాలేజీలో నేర్పేది అది. నలభై ఐదు రోజుల్లో నేర్పనిది కూడా అదే.

నా సిద్ధాంతం ఒకటుంది, నవ్వుకుంటే నవ్వుకోండి. ఏ ఇంటికైనా నన్ను తీసుకుపొండి, డ్రాయింగు చూపించక్కర్లా. మొదటి మెట్టు, చివరి మెట్టు టేపుతో కొలుస్తా. సెక్షన్ గీసి కట్టారా, ఉత్త ప్లాన్ పట్టుకుని కట్టారా అనేది అక్కడే చెప్పేస్తా.

ఎట్లాగో చూడండి. 120 అంగుళాల ఎత్తు, ఆరేసి అంగుళాల మెట్లు ఇరవై. కాగితం మీద బంగారంలాగా సరిపోయింది. మేస్త్రి కాంక్రీటు పోశాడు, అన్నీ ఆరే. ఇప్పుడు ఫ్లోరింగు మొదలైంది. కింద హాల్లో ఇసుక, సిమెంటు మాలు, పైన చీమకుర్తి గ్రానైటు, అన్నీ కలిసి మూడంగుళాలు లేచింది నేల. మెట్ల మీద మాత్రం పల్చగా మాలు వేసి రాయి పెడతారు, అక్కడ అంగుళంన్నరే. ఇప్పుడు మొదటి మెట్టు ఎంతుంటుంది? ఆరుకి అంగుళంన్నర కలిపి మూడు తీసెయ్యండి. నాలుగున్నర. పైన చివరి మెట్టు? అక్కడ నేల మూడు లేచింది, దాని కింది మెట్టు అంగుళంన్నరే లేచింది. ఏడున్నర! మధ్యలో మెట్లన్నీ ఆరు. అలవాటు కొద్దీ కాలు ఆరంగుళాలే ఎత్తుతుంది. చివర్న బొటనవేలు తగిలి, చేతిలో కాఫీ గ్లాసు ఎగిరి గోడకి కొడుతుంది. పెళ్ళిళ్ళప్పుడు పైఅంతస్తు నుంచి బిందెలు మోసేవాళ్ళని అడగండి ఆ మెట్టు సంగతి.

సెక్షన్ గీసినవాడు ఏం చేస్తాడంటే, ఫ్లోరింగు మందం ముందే గీస్తాడు. ఆ మూడంగుళాలు కాగితం మీద కనపడతాయి కాబట్టి కింద మెట్టు అంగుళంన్నర ఎక్కువ పోయించి, పైన చివరి మెట్టు అంగుళంన్నర తక్కువ వచ్చేట్టు చూస్తాడు. అంతే! ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లా, పెన్సిలు చాలు.

ఇది నాకు ఊరికే రాలా. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశా, రెండేళ్ళు. డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టరు, టూ హెచ్ పెన్సిలు, బ్లేడుతో చెక్కుకోవడం. నెల్లూరు ఎండలు తెలుసుగా. మోచెయ్యి చెమటకి షీటు మీద గీతలు అలికిపోయేవి, చెయ్యి కింద చేతిరుమాలు వేసుకుని గీసేవాళ్ళం. మా సారు చేసే దుర్మార్గం ఒకటుండేది. సెక్షన్ లైను ఎప్పుడు చూసినా మెట్ల మీదినుంచీ బాత్రూం మీదినుంచే పోనిచ్చేవాడు. హాలు మధ్యలో పోనిస్తే నాలుగు గోడలు, ఒక స్లాబు, పావుగంటలో అయిపోతుంది. ఆయన పోనివ్వడే! గీత వంకర తిప్పి మరీ మెట్ల మీదికి తెచ్చేవాడు. అప్పుడు తిట్టుకున్నాం. ఇప్పుడు మాత్రం ఆయన ఎదురుపడితే చేతిలో సంచి నేనే మోస్తా.

అంత నేర్చుకునీ నేనొక తప్పు చేశా. చదువైన ఏడాదికి, ఒకాయన దగ్గర నెలకి ఆరువేలకి పనిచేస్తున్నా. బుచ్చిరెడ్డిపాళెం పక్కన ఒక ఇల్లు. హడావిడిగా అడిగారు, ప్లాన్ ఒక్కటే గీసిచ్చా. మెట్ల మధ్య ల్యాండింగ్, అంటే మెట్లు మలుపు తిరిగే దగ్గరుండే చిన్న స్లాబు, దాని కింద జాగా ఖాళీగా కనిపించింది, అందులో బాత్రూం పెట్టేశా. ప్లాన్‌లో చూస్తే ముచ్చటగా ఉంది, తలుపు కూడా చక్కగా తెరుచుకుంటోంది. పదిహేను రోజులకి మేస్త్రి ఫోను. 'సారూ, ఈ బాత్రూంలోకి పాక్కుంటా పోవాలా?'

పోయి చూశా. పది మెట్లకి ల్యాండింగు. పదార్లు అరవై, అంటే అయిదడుగులు. అందులోంచి స్లాబు మందం అయిదంగుళాలు తీసేస్తే నాలుగడుగుల ఏడంగుళాలు. నేను అక్కడ ఏడడుగుల తలుపు గీశా! మేస్త్రి ఏమీ అన్లేదు. సుద్దముక్క తీసి పక్క గోడ మీద మెట్లన్నీ గీశాడు, నిలువెత్తు సైజులో. లెవెల్ పైపు పెట్టి ల్యాండింగు గుర్తు పెట్టాడు, దాని కింద ఒక మనిషి బొమ్మ వేశాడు. తల స్లాబులోకి దూరిపోయింది. సెక్షన్ అంటే అది. ఆయన ఏ కాలేజీకి పోయాడు? ఇల్లు మాత్రం నాకంటే బాగా కోసి చూపించాడు. ఆ జాగాలో ఇప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి.

ఇప్పుడు మళ్ళీ ఆ రీలు చూడండి. మెట్ల కింద ఏముంది? బాత్రూం! నేను చేసిన తప్పే, పది సెకన్లలో.

పోయిన నెల నా ఆఫీసుకి కోవూరు వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. చేతిలో సర్టిఫికెట్, నలభై ఐదు రోజుల కోర్సు. ఎక్కడ చేశాడో చెప్పను, అడక్కండి. వేళ్ళు చూడాలి కీబోర్డు మీద! ఎల్, ఓ, టీఆర్, ఎఫ్ అని ఆటోక్యాడ్ షార్ట్‌కట్లు, మెషిన్‌గన్ మాదిరి. ఆఫ్‌సెట్ తొమ్మిది అంగుళాలు, ట్రిమ్, ఫిల్లెట్, అరగంటలో ప్లాన్ పెట్టాడు. నేను ఖుషీ అయిపోయా. 'సరే తమ్ముడూ, మెట్ల దగ్గర ఒక సెక్షన్ తియ్యి' అన్నా. మెనూలన్నీ తిరిగాడు పాపం. తిరిగి తిరిగి నా వైపు చూసి, 'అన్నా, సెక్షన్ ఆప్షన్ యాడుంటుంది?' అన్నాడు.

ఆ పిల్లోడిది తప్పు కాదు. ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. అదొక పెన్సిలు, అంతే. పెన్సిలు పట్టుకోవడం నేర్పి కథలు రాయడం వచ్చేసిందని సర్టిఫికెట్ ఇస్తే ఎట్లా? ఇప్పుడు తెలివైనవాడు ఒకడు లేచి, 'అన్నా, ఇంటిని త్రీడీలో గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో సెక్షన్ ఆప్షన్ ఉంది' అంటాడు. ఉంది నాయనా, నాకూ తెలుసు. గీత పెడితే కోసి చూపిస్తుంది. కోసేది నువ్వు లోపల పెట్టినదాన్నే. ఫ్లోరింగు మందం సున్నా పెడితే అది కూడా సున్నానే చూపిస్తుంది.

కోర్సుల సంగతి గబగబా చెప్పేస్తా, ఇది తెలియనివాళ్ళు చాలామంది ఉన్నారు. పదో తరగతి అయ్యాక ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, రెండేళ్ళు. లేదంటే పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా, మూడేళ్ళు. అందులో సివిల్ అందరికీ తెలిసిందే. ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ అని ఇంకో బ్రాంచి ఉంటుంది, కౌన్సెలింగ్‌లో లిస్టు మొత్తం చదివితేనే కనపడుతుంది. ఉన్న కాలేజీలు తక్కువ, వెతుక్కోవాలి. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఆర్కిటెక్ట్ కావాలనుంటే, డిప్లొమాలో లెక్కలు ఉన్నవాళ్ళు నాటా అనే ప్రవేశ పరీక్ష రాసి అయిదేళ్ళ బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీకి పోవచ్చు. 2019లో వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీ పోస్టులు పడ్డాయి కదా, సివిల్ డిప్లొమాతో పాటు ఈ ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ చదివినవాళ్ళకీ అర్హత ఇచ్చారు. అప్పుడు చాలామందికి ఆ బ్రాంచి పేరే కొత్త.

ఆర్కిటెక్ట్ అన్నాను కాబట్టి ఇంకో మంట కూడా కక్కేస్తా. నెల్లూరు మినీబైపాస్ మీద బండేసుకుని ఒక రౌండు కొట్టండి, బోర్డులు చూసుకుంటా పొండి. సందుకో ఆర్కిటెక్ట్! 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయితేనే ఆ పేరు పెట్టుకోవాలి. గీసే పని వేరేవాళ్ళు చెయ్యకూడదని కాదు, 2020లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. చట్టం ఆపేది ఆ పేరు పెట్టుకోవడాన్ని. డ్రాఫ్ట్స్‌మన్ అని బోర్డు రాసుకోవడానికి నామోషీ దేనికయ్యా? నా బోర్డు మీద అదే ఉంది, అయిదేళ్ళుగా.

వాస్తు గురించి మాట్లాడితే తిడతారు, అయినా మాట్లాడతా. మెట్లు బేసి సంఖ్య ఉండాలంటారు ఓనర్లు. ఇరవై గీస్తే 'ఇరవై ఒకటి చెయ్యి' అంటారు. నేను వాస్తుని కాదనను, నా ఖాతాదారులు వాళ్ళు. కానీ 120ని ఇరవై ఒకటితో భాగిస్తే అయిదుంముప్పావుకి కొంచెం తక్కువ. ఆ కొలత మేస్త్రి టేపు మీద యాడ పట్టుకుంటాడు? ఆరే పెట్టుకుంటూ పోతాడు, ఇరవై మెట్లకి పైస్లాబు వచ్చేస్తుంది, ఇరవై ఒకటో మెట్టుకి జాగా లేదు. ఇక అక్కడో ఇక్కడో చెక్కుతాడు. మందు ఏంటో తెలుసా? స్లాబు ఎత్తు పదడుగులు కాకుండా పదిన్నర పెట్టండి. 126 అంగుళాలు, ఆరు ఇంటూ ఇరవై ఒకటి, టంచనుగా సరిపోయింది. దేవుడూ ఖుషీ, మేస్త్రీ ఖుషీ. ఆ రీలువాడి యాప్‌ని ఇది అడిగి చూడండి.

ఇంకో ముచ్చట. మన నెల్లూరులో స్థలం అంకణాల్లో చెప్తారు. ఒకచోట అంకణమంటే 36 చదరపు అడుగులు, ఇంకోచోట 72. వేరే జిల్లాలకి పోతే గజాలు, సెంట్లు. 'నలభై అంకణాలు, ప్లాన్ గీయి' అని ఎవరైనా వస్తే, గీసేవాడు మొదట అడగాల్సిన మాట 'ఏ అంకణం పెద్దాయనా?' అని. ఆ ఒక్క ప్రశ్నకి ఇల్లు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది. ఇక ప్లాన్ అప్రూవల్‌కి ఆన్‌లైన్‌లో పెడితే, అక్కడ గోడకొక లేయరు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పల్చటి షీటు లాంటిది, స్థలం హద్దుకొక లేయరు, అన్నీ వాళ్ళు చెప్పినట్టే ఉండాలి. హద్దు గీత ఎక్కడో వెంట్రుకవాసి కలవకపోయినా తిప్పికొడుతుంది. ఆ గీతని రాత్రి పన్నెండింటికి వెతికినవాణ్ణి అడగండి, డ్రాఫ్టింగు పది సెకన్ల పనో కాదో చెప్తాడు.

ఇదిగో, టేపు తెచ్చా. మాటలెందుకు, ఇప్పుడు నేనుండే అద్దె ఇంటి మెట్లే కొలుస్తా, కెమెరా తిప్పు తమ్ముడూ. మొదటి మెట్టు... నాలుగున్నర. చూశారా? మధ్యలోది ఇదిగో, ఆరు. ఇది కూడా ఆరు. పైకి రా, జాగ్రత్త, అక్కడే పోయిన వారం నేను పడ్డా. చివరిది... ఏడుంబావు. కనపడుతోందా? దగ్గరికి రా. ఏడుంబావు! కింద మా ఓనరు ఉన్నాడు, ప్లాన్ ఫ్రీగా గీయించుకున్నానని నాకు మూడుసార్లు చెప్పాడు, మెల్లగా మాట్లాడు.