ఫోన్-ఇన్ కార్యక్రమం: రోజువారీ ఒత్తిడిని గుర్తుపట్టడం ఎలా?

యాంకర్: లైన్లో ఉన్నవారు చెప్పండి.

కాలర్ 1: హలో, వినబడుతోందా?

యాంకర్: వినబడుతోందమ్మా. టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్ 1: ఆ, తగ్గించా. మేడమ్, నాకు టెన్షన్లేం లేవండి. కానీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, ఇక నిద్ర పట్టదు. మెడ పట్టేస్తోంది. పళ్ల డాక్టరేమో నిద్రలో పళ్లు కొరుకుతున్నారు, అరిగిపోయాయి అన్నారు. కడుపులో మంటకి మాత్రలు నేనే తెచ్చుకుని వేసుకుంటున్నా. మా వారైతే...

డాక్టర్: ఒక్క నిమిషమమ్మా. ఎన్నాళ్ల నుంచి?

కాలర్ 1: మా అత్తగారు మంచం పట్టినప్పటి నుంచి. ఆఫీసులో ఆడిట్ కూడా అప్పుడే మొదలైంది. అయినా నాకు టెన్షనేం లేదండి.

డాక్టర్: (నవ్వుతూ) మీరు లేదంటున్నారు, మీ దవడ ఉందంటోంది. ఒత్తిడంటే ఏడుపూ అరుపులే కాదమ్మా. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పని అయ్యాక అది సర్దుకోవాలి. మీకు సర్దుకునే వ్యవధే దొరకట్లేదు. కాఫీ ఎన్నిసార్లు?

కాలర్ 1: నాలుగు... సాయంత్రం ఇంకోటి.

డాక్టర్: ఆ సాయంత్రంది మానేయండి. కాఫీలో ఉండే కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. రోజూ ఐదు నిమిషాలు, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదలడమే నిదానంగా ఉండాలి. అత్తగారి పనిలో కొంత మీ వారికి అప్పజెప్పండి. ఇది చెయ్యకుండా ఎంత గాలి పీల్చినా లాభం లేదు.

కాలర్ 1: సరే మేడమ్. అయితే ఇది టెన్షనేనంటారా? ఆ మాత్రలు వేసుకోవచ్చా?

డాక్టర్: ఇందాకట్నుంచీ అదేగా చెబుతున్నాను! సొంత వైద్యం వద్దు. బీపీ, థైరాయిడ్ చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా గుండెదడ, నిద్రలేమి వస్తాయి. అన్నిటినీ ఒత్తిడి మీదకి తోసేయకూడదు.

కాలర్ 1: మా వారితో మీరే ఒక మాట చెప్తే...

యాంకర్: థాంక్యూ అమ్మా. నెక్స్ట్ కాలర్.

కాలర్ 2: సార్, ఒత్తిడి ఎంతుందో రక్తపరీక్షలో తెలుస్తుందా?

యాంకర్: మేడమ్ ఉన్నారండీ.

కాలర్ 2: సారీ మేడమ్.

డాక్టర్: తెలియదు బాబూ. కార్టిసాల్ పొద్దున ఎక్కువ, రాత్రికి తక్కువ. ఒక్కసారి తీసిన అంకెతో ఏం చెబుతాం? మనకి ఎంత ఒత్తిడిగా అనిపిస్తోందో చూడటానికి 1983లో షెల్డన్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం తయారుచేసిన ప్రశ్నావళి ఒకటుంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది పది ప్రశ్నలది. గడిచిన నెల గురించి అడుగుతుంది, స్కోరు 0 నుంచి 40 వరకు. పక్కవాళ్లతో పోల్చుకోకండి, మీ పోయిన నెల స్కోరుతోనే పోల్చుకోండి. అది రోగనిర్ధారణ కూడా కాదు.

యాంకర్: థాంక్యూ. హలో?

కాలర్ 3: మేడమ్, మా ఫ్రెండ్ నిద్రమాత్ర సగం వేసుకుంటే హాయిగా...

డాక్టర్: వద్దు. సొంత వైద్యం వద్దంటే ఫ్రెండు వైద్యమా? అలవాటు పడతారు. ఇప్పటికే రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ని కలవండి.

యాంకర్: నెక్స్ట్ కాలర్.

కాలర్ 4: మేడమ్, మెట్లెక్కితే ఛాతీ బరువుగా ఉంటోంది, ఎడమ చెయ్యి లాగుతోంది. స్ట్రెస్సే అంటున్నారు అందరూ. ఇందాకట్నుంచీ మళ్లీ అలాగే ఉంది.

డాక్టర్: ఇప్పుడా? ఇంట్లో ఎవరున్నారు?

కాలర్ 4: మా అబ్బాయి.

డాక్టర్: ఫోన్ పెట్టేసి అంబులెన్స్ పిలిపించండి. మీరు బండి నడపొద్దు. గుండెకి ఈసీజీ తియ్యాలి. ఒత్తిడి సంగతి తర్వాత.

కాలర్ 4: ప్రోగ్రామ్ అయ్యాక వెళ్లొచ్చా?

డాక్టర్: ఇప్పుడే. పెట్టేయండి.