కిటికీలు తీసే మావయ్య

మావయ్యని తలుచుకోవడానికి వచ్చిన ఈ సభకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న, నేవీ సబ్‌మెరీన్లలో మావయ్యతో కలిసి పనిచేసిన షిప్‌మేట్లకు మరొకసారి నమస్కారం. మీరు ఆయనతో వారాల తరబడి ఒకే గాలి పీల్చినవాళ్ళు. నేను ఎక్కడైనా తప్పు చెబితే అక్కడికక్కడే సరిదిద్దండి.

మావయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు కిటికీలు తీసేవాడు. కాళ్ళు కడుక్కోవడం, మంచినీళ్ళు తాగడం ఆ తర్వాతే. చలికాలమైనా, దోమలొచ్చే వేళైనా సరే. "వీడొచ్చాడంటే ఇల్లు బార్లా తెరిచి పెట్టాల్సిందే" అని అమ్మ విసుక్కునేది. మేమూ చాదస్తమనే అనుకున్నాం.

1971 డిసెంబర్‌లో ఆయనకి పదహారేళ్ళు. మూడో తారీఖు అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో పెద్ద పేలుడు వినిపించింది. ఊళ్ళో కిటికీ అద్దాలు అదిరాయి. హార్బర్ బయట పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ మునిగిపోయిందని తర్వాత తెలిసింది. ఊరంతా సంబరపడింది, ఆయనా పడ్డాడు. రెండేళ్ళకి నేవీలో చేరి, తర్వాత సబ్‌మెరీన్లకి వెళ్ళాక మాత్రం ఘాజీ మాట వస్తే గొంతు తగ్గించేవాడు. "తొంభై మందికి పైగా ఉన్నారమ్మా అందులో. ఇంకా అక్కడే ఉన్నారు" అనేవాడు. శత్రువుల గురించి అలా మాట్లాడినవాళ్ళని నేను ఎక్కువ మందిని చూడలేదు.

రష్యా నుంచి వచ్చిన ఫాక్స్‌ట్రాట్ తరగతి సబ్‌మెరీన్లలో ఆయన ఎలక్ట్రీషియన్. మన మొదటి సబ్‌మెరీన్ కల్వరి 1967 డిసెంబర్ 8న రీగాలో నేవీలో చేరింది. ఏటా ఆ తేదీనే సబ్‌మెరీన్ డే. ఆ రోజు మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని సబ్‌మెరీన్ వాళ్ళకిచ్చే డాల్ఫిన్ బ్యాడ్జి పెట్టుకునేవాడు. పెళ్ళిళ్ళకి కూడా అంత ముస్తాబు ఉండేది కాదు.

ఆ ఫాక్స్‌ట్రాట్లలో ఒకటైన కుర్సురాని విశాఖ బీచ్‌లో మ్యూజియంగా పెట్టింది 2002లో. ఊళ్ళో వాళ్ళంతా చూసొచ్చారు, ఆయన మాత్రం కదలలేదు. నేను పోరు పెట్టగా పెట్టగా ఒకరోజు వచ్చాడు. లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత ఉంటుంది, మీకు తెలుసు. నేను మొదటిదాంట్లోనే తల కొట్టుకున్నాను. ఆయన పైన కడ్డీ పట్టుకుని, ముందు ఒక కాలు, తర్వాత తల, ఆ తర్వాత రెండో కాలు... నీళ్ళలోకి చేప జారినట్టు జారిపోయాడు. అప్పటికే మోకాళ్ళ నొప్పులు ఆయనకి.

రెండో గదిలో ఆగాడు. జనం పక్కనుంచి తోసుకుపోతున్నారు. గొంతుక్కూర్చుని అరచెయ్యి నేల మీద ఆనించాడు. "దీని కిందేనే నా సంసారం" అన్నాడు.

ఆ నేల కింద బ్యాటరీలు ఉంటాయి. ఇక్కడా, నాలుగో గదిలోనూ కలిపి 448 సెల్స్. నీళ్ళ కింద డీజిల్ ఇంజన్ నడవదు, అన్నీ వీటి మీదే. ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నాలుగు శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. సముద్రపు నీళ్ళు లోపలికి కారి బ్యాటరీ ఆసిడ్‌లో కలిస్తే క్లోరిన్ విషవాయువు. అందుకని మనుషులకి స్నానాలు లేకపోయినా సెల్స్‌కి డిస్టిల్డ్ వాటర్ తప్పేది కాదట. పడుకుని పాకుతూ ఒక్కో సెల్ దగ్గరికీ వెళ్ళి హైడ్రోమీటర్‌తో ఆసిడ్ గాఢత కొలవడం, లాగ్‌లో రాయడం. అది ఆయన ఉద్యోగం. డెబ్భై అయిదు మంది ఊపిరి అది.

"పైకి తేలాక హాచ్, అదే పైమూత, తీస్తారు చూడు, మొదట వచ్చే గాలి కంపు కొడుతుంది. మంచి గాలికి ముక్కు మళ్ళీ అలవాటు పడాలి" అన్నాడు బయటికొచ్చి, బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని. చాలాసేపు మాట్లాడకుండా గాలి పీలుస్తూ ఉన్నాడు. మా ఇంట్లో కిటికీలన్నీ ఎందుకు తెరుచుకునేవో నాకు అర్థమైంది ఆ గోడ మీదే.

2013 ఆగస్టు 14న ముంబైలో మన సబ్‌మెరీన్ సింధురక్షక్ పేలిపోయి పద్దెనిమిది మంది పోయిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. టీవీ కట్టేసి వరండాలో కూర్చున్నాడు. అత్తయ్య ఏమీ అడగలేదు. ఆయన సముద్రం మీదున్న నెలల్లో, ఎక్కడున్నాడో ఎప్పుడొస్తాడో తెలియకుండా అత్తయ్య కూడా అలాగే కూర్చుని ఉంటుంది. ఆ ఎదురుచూపుకి ఎవరూ బ్యాడ్జి ఇవ్వలేదు. అత్తా, ఇవాళ అందరి ముందూ నీకు దణ్ణం పెడుతున్నాను.

రిటైరయ్యాక మా వీధిలో ఇన్వర్టర్ బ్యాటరీలన్నిటికీ ఆయనే డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు. ఎవరూ అడగలేదు, తనే మొదలుపెట్టాడు. నెలలో మొదటి ఆదివారం చేతిలో డబ్బా, గరాటు, జేబులో టార్చి. మొన్న ఆయన బీరువా సర్దుతుంటే పుస్తకం దొరికింది. పదకొండు ఇళ్ళు, గీతలు కొట్టిన గడులు, ప్రతి సెల్‌కీ రీడింగు. ఆసుపత్రికి వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు రాసిన గడిలో మా ఇంటి మూడో సెల్ ఎదురుగా "తగ్గుతోంది, చూడాలి" అని ఉంది.

ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ ఇక్కడున్నారు. వచ్చే ఆదివారం పొద్దున్నే నేను వస్తాను. డబ్బా, గరాటు ఆయనవే.