ఎముకలో నిలిచిన సీసాన్ని కొలవడం

వ్యాఖ్యాత: నమస్కారం మేడమ్. శరీరంలోని సీసాన్ని తెలుసుకోవడానికి రక్తపరీక్ష ఉండగా, ఎముకను కూడా కొలవవలసిన అవసరం ఏమిటి?

అతిథి: నమస్కారమండీ. రక్తంలో చేరిన సీసం సుమారు నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది కనుక, రక్తపరీక్ష ముఖ్యంగా ఇటీవలి సంగతినే చెబుతుంది. పెద్దవారి శరీరంలోని సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లోనే ఉంటుంది. అక్కడ అది దశాబ్దాలపాటు నిలిచి, గర్భధారణ సమయంలోనూ, వృద్ధాప్యంలో ఎముక అరుగుతున్నప్పుడూ మళ్లీ రక్తంలోకి వస్తుంది. పాత బ్యాటరీలు కరిగించే పని ఏనాడో మానేసిన కార్మికుల విషయంలో రక్తపరీక్ష ఒక్కటే చాలదని నేను గట్టిగా నమ్ముతాను.

వ్యాఖ్యాత: కోయకుండా కొలవడం ఎలా సాధ్యం?

అతిథి: కాడ్మియం-109 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే 88 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల (ఇది కిరణాల శక్తికి కొలమానం) గామా కిరణాలను మోకాలి కిందనున్న పెద్ద ఎముకపైకి పంపుతాం. ఆ శక్తి సీసం పరమాణువులోని అతి లోపలి ఎలక్ట్రాన్‌ను పెకలించడానికి సరిగ్గా సరిపోతుంది. ఖాళీని పై కక్ష్యలోని ఎలక్ట్రాన్ పూరించినప్పుడు, సుమారు 75 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌ల వద్ద సీసానికే ప్రత్యేకమైన ఎక్స్ కిరణం వెలువడుతుంది. ఆ కిరణాలను లెక్కించి సీసం ఎంత ఉందో తెలుసుకుంటాం. అరగంటసేపు కాలు కదపకుండా కూర్చుంటే చాలు. రేడియేషన్ మోతాదు ఛాతీ ఎక్స్‌రే కంటే ఎంతో తక్కువ.

వ్యాఖ్యాత: ఎముకపై కండ మందం మనిషికొక రకంగా ఉంటుంది కదా?

అతిథి: ఈ పద్ధతిలోని అసలు నేర్పు అక్కడే ఉంది. ఎముకలోని కాల్షియం, ఫాస్ఫరస్ కొన్ని గామా కిరణాలను శక్తి తగ్గకుండానే వెనక్కి చెదరగొడతాయి. సీసం సంకేతాన్ని ఆ చెదిరిన కిరణాల సంకేతంతో భాగిస్తే, కండ మందం, కాలి స్వల్ప కదలిక ఆ రెండు సంకేతాలనూ దాదాపు సమానంగా ప్రభావితం చేస్తాయి కనుక నిష్పత్తి మారదు. ఫలితాన్ని ఒక గ్రాము ఎముక ఖనిజానికి ఇన్ని మైక్రోగ్రాములని చెబుతాం. సీసం అతి తక్కువగా ఉన్నవారిలో కిరణాల లెక్కింపులో సహజంగా ఉండే హెచ్చుతగ్గుల వల్ల రుణసంఖ్య కూడా రావచ్చు. దాన్ని సున్నాగా దిద్దితే సమూహపు సగటు అసలు కంటే ఎక్కువగా కనబడుతుంది కాబట్టి, వచ్చిన సంఖ్యను వచ్చినట్టే ఉంచాలి.

వ్యాఖ్యాత: నల్గొండ ప్రాంతపు ఫ్లోరైడ్ బాధితుల ఎముకలనూ ఇలాగే కొలవవచ్చా?

అతిథి: ఈ పద్ధతిలో కుదరదండీ. ఫ్లోరిన్ ఎక్స్ కిరణం శక్తి 0.68 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు మాత్రమే; అది ఎముకను దాటకముందే శోషణమైపోతుంది. చిన్న ఎముక నమూనా దొరికితే మాత్రం, కణాలకు వేగం పెంచే యాక్సిలరేటర్ యంత్రంలో దానిపైకి ప్రోటాన్లను పంపి, ఫ్లోరిన్ కేంద్రకం నుంచి వెలువడే గామా కిరణాలను లెక్కించవచ్చు.