మాట ముందా, ట్యూన్ ముందా?

అందరికీ నమస్కారం. ఈ ట్రాఫిక్‌లో పడి ఇంత దూరం వచ్చారు, థ్యాంక్స్ అండీ. ముందే చెప్పేస్తున్నా, నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు, వట్టి పాటల పిచ్చోణ్ణి.

ట్యూన్లు కట్టే రోజర్స్, మాటలు రాసే హామర్‌స్టైన్ అనే అమెరికన్ జంట మీలో కొందరికి తెలియకపోవచ్చు గానీ, ఇంగ్లీష్ మీడియం స్కూల్లో టీచరమ్మ 'డో రే మీ' పాడించిందా లేదా? ఆ పాట వీళ్ళదే, 1959లో బ్రాడ్‌వేకి, అంటే న్యూయార్క్‌లో పెద్ద నాటక థియేటర్లుండే చోటికి, వచ్చిన 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' అనే పాటల నాటకంలోది. మనం చూసిన సినిమా 1965లో వచ్చింది.

మన సినిమాల్లో ఎక్కువగా ఎలా జరుగుతుంది? ముందు ట్యూన్ వస్తుంది, మ్యూజిక్ డైరెక్టర్ తననన తానన అని పంపిస్తే పాపం రచయిత ఆ కొలతలోకి మాటల్ని ఇరికించుకుంటూ కూర్చుంటాడు. రిచర్డ్ రోజర్స్ కూడా అంతకుముందు లొరెంజ్ హార్ట్ అనే పాటల రచయితతో 20 ఏళ్ళకి పైగా పనిచేసినప్పుడు ఎక్కువగా అదే పద్ధతి. ఆస్కర్ హామర్‌స్టైన్‌తో కలిశాక ఇది తిరగబడింది. ముందు మాట, తర్వాతే ట్యూన్. వీళ్ళు వదిలెళ్ళిన ఆస్తి ఏంటని నన్నడిగితే అవార్డులు, కలెక్షన్లు పక్కనపెట్టి ఇదే చెప్తా.

హామర్‌స్టైన్ పెన్సిల్వేనియాలో తన ఫార్మ్‌లో నిలబడి రాసేవాడు, ఒక్కో పాటకి వారాలు పట్టేది. రోజర్స్‌కి కాగితం అందితే నిమిషాల్లో ట్యూన్ అయిపోయేదంటారు, ఆ మాట వింటే రాసినాయనకి ఎంత ఒళ్ళు మండి ఉంటుందో! వీళ్ళ 'ఒక్లహోమా' అనే పాటల నాటకంలో మొదటి పాట సంగతే చూడండి. మొక్కజొన్న చేను ఎంత ఎత్తుందో చెప్పాలి, మొదట కౌబాయ్ ఎక్కే పోనీ గుర్రం కంటి దాకా అని రాశాడు, తర్వాత పక్కవాళ్ళ చేలోకెళ్ళి చూస్తే అది ఇంకా చాలా ఎత్తు పెరిగి ఉంది, అంతే, గుర్రాన్ని కొట్టేసి ఏనుగు కంటి దాకా అని మార్చాడు. ఒక్క మాట కోసం చేలోకెళ్ళి చూసొచ్చిన మనిషండీ.

1943 మార్చి 31న బ్రాడ్‌వేలోని సెయింట్ జేమ్స్ థియేటర్‌లో ఆ షో మొదలైంది. అప్పట్లో తెర లేవగానే అమ్మాయిల గుంపు వచ్చి డాన్స్ చెయ్యడం మామూలు, ఇక్కడేమో ఒక పెద్దావిడ ఒక్కతే కూర్చుని వెన్న చిలుకుతూ ఉంటుంది, లోపల్నుంచి ఎవడో పొద్దుటి ఎండ గురించి పాడుకుంటూ వస్తుంటాడు. అలాంటి షో 2,212 సార్లు ఆడింది.

ఇందులో నాకు మహా ఇష్టమైన ముక్క ఇంకోటుంది. అంతకుముందు కొన్నేళ్ళు హామర్‌స్టైన్‌వి వరసగా ఫ్లాపులే. ఈ హిట్ పడ్డాక ఆయనేం చేశాడంటే 'వెరైటీ' అనే సినిమా, నాటకాల పత్రికలో సొంత డబ్బుతో యాడ్ వేయించుకుని, అందులో తన ఫ్లాపుల లిస్టు, ఏది ఎన్ని వారాలాడిందో లెక్కతో సహా వేసి, ఇంతకుముందు ఇలా చేశాను, మళ్ళీ చెయ్యగలను అని రాశాడు. మనవాళ్ళెవరైనా వేస్తారా ఇలాంటి ఫ్లెక్సీ?

1949లో వీళ్ళ ఇంకో షో 'సౌత్ పసిఫిక్' వచ్చింది. వేరే రంగు మనుషుల్ని ద్వేషించడం పుట్టుకతో రాదు, చిన్నప్పుడే పెద్దవాళ్ళు నూరిపోస్తారు అని అందులో ఒక చిన్న పాట ఉంది. తీసేయమని సలహాలొచ్చినా వీళ్ళు తీయలేదు. 1953లో ఆ షో టూర్‌లో అట్లాంటా వెళ్ళాక, ఆ ఊరున్న జార్జియా రాష్ట్రంలో కొందరు శాసనసభ్యులు ఇది కమ్యూనిస్టుల పని అని గోల గోల చేశారు. అలాగని వీళ్ళని దేవుళ్ళని చెయ్యక్కర్లేదు, వీళ్ళ 'కింగ్ అండ్ ఐ'లో సియాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రాజుని చూపించిన తీరు ఇవాళ చూస్తే నాకే ఇబ్బందిగా ఉంటుంది, దాన్ని సినిమాగా తీస్తే థాయ్‌లాండ్‌లో బ్యాన్ కూడా చేశారు.

తర్వాత పేరున్న పాటల రచయిత, సంగీతకర్త అయిన స్టీఫెన్ సొండ్‌హైమ్, కుర్రాడిగా ఉన్నప్పుడు స్కూల్ కోసం ఒక మ్యూజికల్, అదే పాటల నాటకం, రాసి, హామర్‌స్టైన్ పొగుడుతాడని ఆశతో పట్టుకెళ్ళాడట. ఆయన ఇంత చెత్త నేనెప్పుడూ చదవలేదు, కానీ నీలో టాలెంట్ లేదనట్లేదు అని, మొదటి పేజీ నుంచి ఒక్కో లైనూ కూర్చోబెట్టి చెప్పాడు. ఆ కుర్రాడే తర్వాత బ్రాడ్‌వేని ఇంకో దారి పట్టించాడు.

హామర్‌స్టైన్ రాసిన ఆఖరి పాట 'ఎడెల్‌వైస్', అప్పటికే కడుపులో క్యాన్సర్. మంచు కొండల్లో పూసే చిన్న పువ్వు మీద నాలుగు తేలిక మాటలు, ఒక్క బరువు పదం లేదు. 1960 ఆగస్టు 23న పోయాడు. ఇప్పటికీ చాలామంది దాన్ని ఆస్ట్రియా జానపదం అనుకుంటారు, కొందరైతే ఏకంగా వాళ్ళ జాతీయ గీతమే అనుకుంటారు.

ఆ పాట ఇప్పుడు వినిపిస్తా, బాబూ ఆ ఫ్యాన్ ఒక్క నిమిషం ఆపేసి సౌండ్ కొంచెం పెంచవా.