ఒక్క బంతీ వేయని మేజర్ లీగ్ పిచర్

[తెరపై: మ్యాచ్‌లు 1, ఎదుర్కొన్న బ్యాటర్లు 0]

బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచర్ (ఆట మధ్యలో వచ్చి బంతులు విసిరే ఆటగాడు) లారీ యౌంట్ మేజర్ లీగ్ కెరీర్, అంటే అమెరికా అగ్రశ్రేణి లీగ్‌లో అతని ఆట, మొత్తం ఇంతే. బ్యాటర్‌కి ఒక్క బంతీ వేయలేదు కదా, మరి ఆ 'ఒకటి' ఎక్కడిది?

1971 సెప్టెంబర్ 15, హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్. అట్లాంటా బ్రేవ్స్‌తో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 21 ఏళ్ల లారీని పిలిచింది ఆస్ట్రోస్ జట్టు. అంతకుముందే మిలిటరీ రిజర్వ్ డ్యూటీ వల్ల కొన్నాళ్లు ఆటకి దూరంగా ఉన్నాడు. బుల్‌పెన్‌లో (పిచర్లు ఆటకి ముందు సిద్ధమయ్యే చోటు) చెయ్యి వేడెక్కించుకుంటుంటేనే మోచెయ్యి పట్టేసింది. నాలుగు బంతులు వేస్తే అదే వదులుతుందిలే అనుకుని మౌండ్ (పిచర్ నిలబడి బంతి వేసే దిబ్బ) దాకా వచ్చాడు. వదల్లేదు. వార్మప్ బంతులకే నొప్పి పెరిగి వెనక్కి వెళ్లిపోయాడు.

[తెరపై: బుల్‌పెన్ నుంచి మౌండ్‌కి బాణం గుర్తు]

కిటుకంతా ఇక్కడే ఉంది. క్రికెట్‌లో తుది పదకొండు మందిలో పేరుంటే చాలు, బ్యాటూ బంతీ ముట్టకపోయినా మ్యాచ్ ఆడినట్టే లెక్క. బేస్‌బాల్‌లో అలా కాదు. డగౌట్‌లో ఏడాదంతా కూర్చున్నా మీ ఖాతాలో మ్యాచ్ పడదు. కానీ పిచర్ మార్పు ప్రకటించారా, ఇక మీరు ఆటలోకి దిగినట్టే. లారీ బుల్‌పెన్‌లోనే 'నావల్ల కాదు' అని ఉంటే రికార్డుల్లో అతని పేరే ఉండేది కాదు.

దిగిన పిచర్ కనీసం ఒక బ్యాటర్ సంగతి తేల్చాకే వెళ్లాలన్నది అప్పటి నిబంధన. (2020 నుంచి ముగ్గురు.) గాయమైతే మినహాయింపు ఉంది, అదీ అంపైర్ ఒప్పుకుంటేనే. గాయపడ్డవాడి స్థానంలో హడావిడిగా వచ్చే పిచర్‌కి అప్పట్లో మామూలుగా ఉన్న ఎనిమిది వార్మప్ బంతుల పరిమితి వర్తించేది కాదు. చెయ్యి సిద్ధమయ్యేందుకు ఎన్ని అవసరమో అంపైరే నిర్ణయిస్తాడు.

లారీ ఆ తర్వాత కింది స్థాయి మైనర్ లీగుల్లో కొన్నేళ్లు ఆడాడు గానీ మళ్లీ పిలుపు రాలేదు. తమ్ముడు రాబిన్ మాత్రం 1974లో, 18 ఏళ్లకే మిల్వాకీ బ్రూవర్స్‌కి దిగి, 20 సీజన్లలో 3,142 హిట్లు కొట్టి, 1999లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు.

[తెరపై: లారీ గణాంకాల వరుస]

ఒక్కటి గమనించండి. ఈఆర్ఏ (పిచర్ సగటున ఇచ్చిన పరుగుల లెక్క) గడిలో సున్నా ఉండదు. ఇచ్చిన ఎర్న్‌డ్ రన్లని (ఫీల్డర్ల తప్పిదం లేకుండా పిచర్ ఖాతాలో పడే పరుగులు) తొమ్మిదితో గుణించి, వేసిన ఇన్నింగ్స్‌తో భాగిస్తే వచ్చేది ఈఆర్ఏ. ఇక్కడ పైనా సున్నా, కిందా సున్నా. అందుకే ఆ గడి ఖాళీ.