చెట్టు మందే కదా అని తాగేముందు

శ్రోతలకు నమస్కారం.

ముక్కు కారడం మొదలవగానే మనలో చాలామందిమి మిరియాలు, శొంఠి, తులసి వేసి కషాయం కాచుకుంటాం. అందులో తప్పు లేదు. మామూలు జలుబు వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఆలోగా గొంతులోకి వెచ్చగా ఏదైనా దిగితే హాయిగా ఉంటుంది. నా బెంగంతా జలుబు పోయాక కూడా ఇమ్యూనిటీ కోసమని నెలల తరబడి తాగేవాళ్ల గురించి, ముఖ్యంగా బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ల గురించి.

అతిమధురం సంగతే తీసుకోండి. దగ్గొస్తే ముక్క నోట్లో వేసుకుని చప్పరిస్తాం. కషాయంలో వేస్తాం. చాలా మూలికల దగ్గు సిరప్పుల్లోనూ అది ఉంటుంది. దానికి తీపినిచ్చే గ్లిసరైజిన్ అనే పదార్థం ఒంట్లో ఉప్పును నిలవ చేసి, పొటాషియాన్ని మూత్రంలో బయటికి పంపేస్తుంది. రోజూ ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరుగుతుంది, కాళ్లు వాస్తాయి, ఒక్కోసారి గుండె లయ తప్పుతుంది. బీపీకి ఇచ్చే నీరు తీసే మాత్రలు చాలావరకు పొటాషియాన్ని తగ్గించేవే కాబట్టి, రెండూ కలిస్తే మరీ ప్రమాదం. కషాయం సంగతి తెలియని డాక్టరు, బీపీ ఎందుకు తగ్గడం లేదా అని మాత్ర డోసు పెంచుతారు. ఇంట్లో కషాయం మాత్రం రోజూ కాగుతూనే ఉంటుంది.

తిప్పతీగకు కోవిడ్ రోజుల్లో ఎంత గిరాకీ వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. అది వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమేనని, దానిలాగే కనిపించే మరో తీగను వాడి ఉండవచ్చని అంది. ఆ మాటే నిజమైనా, కంచె మీది తీగను తెంపుకొచ్చేవాళ్లలో ఆ తేడా పట్టగలిగేది ఎందరు? ఇలాంటివి వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి కాలేయం పరీక్ష చేయించుకోండి.

పసిపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఏడాది నిండని బిడ్డకు దగ్గని తేనె నాకించకూడదు. బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. ముక్కు దిబ్బడకు కర్పూరం నూనె రాయడం కూడా వద్దు. కర్పూరం చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. పొరపాటున కొంచెం మింగినా చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు.

ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగితే మనం మాత్రల పేర్లే చెబుతాం. ఈసారి కషాయం పొడి ప్యాకెట్టు కూడా తీసుకెళ్లండి. ఆపరేషన్ ఉంటే ముందే చెప్పండి, పసుపు, వెల్లుల్లి క్యాప్సూల్స్ రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించవచ్చు. ఏ మందుతోనైనా ఇబ్బంది కలిగితే 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పవచ్చు. అది కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు.